చిన్నపెట్టే కదా అనుకుంటే...

ఫోను ఛార్జరు, వై-ఫై పెట్టె వెనక నల్లటి అడాప్టరు, ల్యాప్‌టాప్‌ది మరొకటి... ఏ ఇంట్లో చూసినా గోడకి నాలుగైదు వేలాడుతూనే ఉంటాయి. పాడైతే ఇంకోటి కొనుక్కోవడం తప్ప వాటిని పట్టించుకునేవాళ్లు తక్కువ. 2023 ఆగస్టులో కర్ణాటకలోని కార్వార్‌ దగ్గర ఎనిమిది నెలల పాప, స్విచ్చి వేసి వదిలేసిన ఛార్జరు వైరు కొసని నోట్లో పెట్టుకుని షాకుతో చనిపోయింది. ఫోను తీసినప్పుడే స్విచ్చి కూడా కట్టేయాలనడం అందుకే.

మామూలుగా ఫోను ఛార్జరు వైరు కొసన ఉండేది అయిదు వోల్టులే. మరి షాకెలా కొడుతుంది? అడాప్టరు లోపల 230 వోల్టుల వైపూ, తక్కువ వోల్టుల వైపూ ఒకదాన్నొకటి తాకకుండా గట్టి అడ్డు ఉంటుంది. నాసిరకం తయారీలో పొదుపు చేసేది అక్కడే. ఆ అడ్డు తెగితే గోడలోని కరెంటు నేరుగా వైరు కొసకి వచ్చేస్తుంది.

అడాప్టరు ఆయుష్షుకి అసలు శత్రువు వేడి. అందులో ఉండే ఎలక్ట్రోలైటిక్‌ కెపాసిటర్‌ వేడికి మెల్లమెల్లగా ఎండిపోతుంది. 105 డిగ్రీల దగ్గర రెండువేల గంటలు పనిచేసే రకం, ప్రతి పది డిగ్రీలు తగ్గేకొద్దీ దాదాపు రెట్టింపు కాలం వస్తుంది. అంటే 65 డిగ్రీల దగ్గర 32 వేల గంటలు... నిర్విరామంగా వాడినా మూడున్నరేళ్లు. వై-ఫై మాటిమాటికీ ఆగిపోతుంటే కనెక్షన్‌ ఇచ్చినవాళ్లని తిట్టుకునే ముందు ఓసారి అడాప్టరుని మార్చి చూడండి. చాలాసార్లు తప్పు దానిదే!

ఈ జాగ్రత్తలు తీసుకోండి:

* దిండు కింద, పరుపు మీద, టీవీ వెనక ఇరుకులో అడాప్టరుని ఉంచొద్దు. గాలి ఆడాలి.

* చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా, కాలిన వాసన వచ్చినా, పెట్టె పగిలినా, పిన్నులు వదులైనా పక్కన పడేయండి. టేపు చుట్టి వాడొద్దు.

* పాత అడాప్టరుకి బదులు వేరేది పెట్టాల్సివస్తే వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి. ఆంపియర్లు అంతే ఉన్నా, ఎక్కువున్నా ఫర్వాలేదు, తక్కువ మాత్రం ఉండకూడదు. గుండ్రటి పిన్ను రకమైతే ప్లస్‌, మైనస్‌ గుర్తులూ కలవాలి.

* కొనేటప్పుడు బీఐఎస్‌ గుర్తు, దాని కింద 'ఆర్‌' అక్షరంతో మొదలయ్యే ఎనిమిది అంకెల నంబరు చూడండి. బీఐఎస్‌ కేర్‌ యాప్‌లో ఆ నంబరు కొడితే తయారీదారు ఎవరో తెలుస్తుంది. గుర్తుని ఎవరైనా అచ్చేయొచ్చు, నంబరుని సరిచూస్తే దొంగ సరుకు బయటపడుతుంది.

* ఛార్జింగులో ఉన్న ల్యాప్‌టాప్‌ లోహపు మూత మీద వేళ్లు కాస్త జివ్వుమనడం మంచి అడాప్టర్లతోనూ ఉంటుంది. చురుక్కుమని కొడితే మాత్రం వెంటనే గోడ దగ్గర స్విచ్చి కట్టేయండి.

కొత్త ఫోను ఛార్జరుకో, వై-ఫై అడాప్టరుకో అయ్యేది సాధారణంగా వందల్లోనే. పిల్లలు తిరిగే ఇంట్లో అక్కడ బేరమాడటం మంచిది కాదు.