అక్షరానికి మెట్టెలు

మా చెల్లెలి కూతురు మొన్న మా అమ్మకి ఓ పుస్తకం తెచ్చి చేతిలో పెట్టింది. అమ్మ ఇంగ్లీషు టీచరుగా చేసి రిటైరయింది. ఎనభయ్యో పుట్టినరోజుకని పాత శిష్యులు ఆవిడ గురించి ఇంగ్లీషులో రాసిన జ్ఞాపకాలన్నీ పోగుచేసి, పిల్ల తనే కంప్యూటరులో పేజీలు కూర్చి అచ్చువేయించింది. నలభై పేజీలు. అట్ట ముచ్చటగా వుంది. అమ్మ కళ్ళజోడు తుడుచుకుని మొదటి పేజీ తెరిచింది. తర్వాత భూతద్దం తెమ్మంది. కాసేపయ్యాక, "ఇదేమిటే, పాత కరెంటు బిల్లులా వుంది! కళ్ళు లాగేస్తున్నాయి" అంటూ పుస్తకం మూసి బల్లమీద పెట్టేసింది.

"అది రెట్రో అమ్మమ్మా! పిక్సెల్ సెరిఫ్!" అంది పిల్ల సంబరంగా.

తన గురించి రాసిన పుస్తకం తనే చదువుకోలేకపోయిన మనిషి మొహం చూశాక నాకు వొళ్ళు మండింది. అందుకే ఈ నాలుగు ముక్కలూ.

బి.ఏ. చదివినదానికి కంప్యూటరు అక్షరాల సంగతేం తెలుసని అనకండి. తెలుసుకునే మాట్లాడుతున్నాను. పైగా నాకా అక్షరాలమీద కోపం లేదు. వాటిని ఎక్కడపడితే అక్కడ వాడేవాళ్ళ మీదే కోపం.

సెరిఫ్ అంటే మరేం కాదు. ఇంగ్లీషు అక్షరపు గీతకి తలదగ్గరా పాదందగ్గరా వుండే చిన్న అడ్డగీత. అక్షరం కాలికి మెట్టెలనుకోండి. పుస్తకాల్లో ఆ మెట్టె సన్నగా, వొంపు తిరిగి వుంటుంది. గళ్ళ తెరమీద ఆ వొంపు ఎక్కణ్ణించి తేవాలి? 1984లో వచ్చిన మాకింతోష్ కంప్యూటరు తెరమీద అడ్డంగా 512, నిలువుగా 342 గడులు. ప్రతి గడీ నలుపో, తెలుపో. మధ్య రంగు లేదు. మనం క్రాస్‌స్టిచ్ కుట్టే గుడ్డలాంటిదే! ఆ తెరకోసం 'న్యూయార్క్' అనే మెట్టెల అక్షరాలు గీసింది సూసన్ కేర్ అనే చిత్రకారిణి. మొజాయిక్, సూదిపని తెలిసి వుండడం ఆ పనికి అక్కరకొచ్చిందని ఆవిడే చెప్పింది.

ఎంత కష్టమో చూడండి. నిలువుగీత ఒక్క గడి వెడల్పయితే మెట్టె కూడా ఒక్క గడి మందం వుండి తీరాలి. అరగడి అనేది లేదుగా! మూడుకాళ్ళ 'ఎమ్'కి మెట్టెలు తొడిగితే మూడూ కలిసిపోయి కింద గట్టు కట్టినట్టవుతుంది. విడదియ్యాలంటే అక్షరాన్ని వెడల్పు చెయ్యాలి, లేదా ఓ మెట్టె కురచ చెయ్యాలి. వాలుగీతలు మెట్లుమెట్లుగా తప్ప రావు. ఒక సైజుకి గీసింది ఇంకో సైజుకి పనికిరాదు, మళ్ళీ మొదట్నించీ గడిగడీ నింపుకోవాలి. ఇంత తంటా ఎందుకు? ఆ ముతక తెరమీద కూడా జనం సుఖంగా చదువుకోవాలని! లేనిదాంట్లోనే చదివేవాడికి మర్యాద చేశారు వాళ్ళు. ఇవాళ ఫోను తెరమీద గడులు కంటికి ఆనవు. అచ్చు యంత్రం అంతకంటే నున్నగా వేస్తుంది. అన్నీ వుండి, ఆనాటి ఇబ్బందిని మాత్రం తెచ్చి చదివేవాడి నెత్తిన రుద్దుతున్నాం మనం.

ఈ మాటే అంటే, "చదవడమంతా అలవాటు పెద్దమ్మా! జుజానా లిక్కో 1990లోనే చెప్పింది, ఎక్కువగా చదివే అక్షరాలనే బాగా చదవగలుగుతామని" అంది పిల్ల.

నిజమే, చెప్పింది. ముతక తెరలకోసం 1985లో గడుల అక్షరాలు చేసిన మనిషి, ఆవిడ మాట కాదనను. కానీ ఎనభయ్యేళ్ళ మా అమ్మ అలవాటు ఏది? పుస్తకాల నున్నటి అక్షరమే కదా! అలవాటే ప్రమాణమైతే ఓడింది నువ్వే. ఆ లిక్కోయే 1996లో బాస్కర్విల్ అచ్చక్షరాలని చూసి 'మిసెస్ ఈవ్స్' అనే వొంపుల మెట్టెల అక్షరాలు చేసిందే, ఆ సంగతి చెప్పవేం?

అయితే గడుల అక్షరాన్ని అటకెక్కించమంటావా అంటారా? అననండీ. పాతకాలపు వీడియో గేము ఫక్కీలో ఆట తయారుచేస్తే అందులో పెట్టండి. కచేరీ పోస్టరుమీద, అట్టమీద, రెండుమాటల శీర్షికకి పెట్టండి. తెరే ముతకదైన చిన్న యంత్రాలకి ఇప్పటికీ అదే దిక్కు. అక్కడ శోభగానే వుంటుంది. పెంచితే రెట్టింపో, మూడింతలో పెంచండి. 12 గడుల ఎత్తున గీసినదాన్ని 17కి సాగదీస్తే గడులు చెదిరి, అంచులు అలుక్కుపోతాయి. అంతేగానీ నలభై పేజీల కథనానికీ, మందుసీసా చీటీకీ, ముసలివాళ్ళు చదవాల్సిన ఏ కాయితానికీ దాన్ని వాడకండి. పెళ్ళికూతురి ముస్తాబు పెళ్ళిపీటలమీద అందం. అదే ముస్తాబుతో రోజూ పిండి రుబ్బమంటే ఎవరివల్ల అవుతుంది?

పిల్ల రెండ్రోజులు అలిగింది. మూడోనాడు వచ్చి, అట్టమీద గడుల అక్షరాలు అలాగే వుంచి లోపలంతా మామూలు అక్షరాల్లోకి మార్చి వేయించిన పుస్తకం అమ్మకిచ్చింది. అమ్మ ఆ సాయంత్రం దీపాలు పెట్టేదాకా లేవలేదు. లేచేసరికి కళ్ళు తడిగా వున్నాయి. చేతిలో ఎర్రపెన్సిలుంది.

"మీ శిష్యకోటికి వ్యాకరణం ఇంకా రాలేదే! ఇరవయ్యారు తప్పులు!" అంది.