పాత ల్యాప్‌టాప్ కొందామా, వద్దా?

సెలవు మంజూరైందని తెలిసిన రోజు నుంచి మన రూముల్లో లెక్కలు మొదలవుతాయి. టికెట్ ఎంత, లగేజీ ఎన్ని కిలోలు, ఎవరికి ఏం పట్టుకుపోవాలి. ఒకప్పుడు టేప్‌రికార్డర్, తర్వాత సెల్‌ఫోన్. ఇప్పుడు చాలామంది జాబితాలో ల్యాప్‌టాప్ ఉంటోంది. అదీ కొత్తది కాదు, రిఫర్బిష్డ్ అని బోర్డు పెట్టి అమ్మే పాతది.

హమ్రియాలో మా రూములో ముగ్గురం ఆఫీసు గుమస్తాలం. బిల్లులు, ఎక్సెల్ షీట్లు మా పని. నాలుగో మంచం జగిత్యాల వైపు అన్నది, మాకంటే పదేళ్లు పెద్ద. ఆయన బిడ్డ బీటెక్‌లో చేరింది. "బాపూ, ఫోన్ల ప్రోగ్రాం రాయనీకి అయితలేదు, ల్యాబుల గంటనే ఇస్తున్నరు" అని రోజూ ఫోన్. అన్న జీతం 180 రియాళ్లు. అందులో ఇంటికి పోయేది, చిట్టీకి పోయేది, మెస్సుకు పోయేది తీస్తే మిగిలేది మీకు తెలిసిందే. కొత్త ల్యాప్‌టాప్ 150 పైమాటే. అందుకని శుక్రవారం సాయంత్రం నలుగురం రువీ హై స్ట్రీట్‌కు బయల్దేరాం.

ఒక దుకాణంలో రెండు లెనోవో థింక్‌ప్యాడ్‌లు పక్కపక్కన పెట్టారు. ఒకటి టి470, రెండోది టి480. నలుపు రంగు, కీబోర్డు మధ్యలో ఎర్ర చుక్క, సైజు, బరువు, అన్నీ ఒకటే. మొదటిది 55 రియాళ్లు, రెండోది 80. "సేమ్ టు సేమ్ భాయ్" అన్నాడు కుర్రాడు. అన్న చెయ్యి 55 మీదికే పోయింది. రియాలు 220 రూపాయలు దాటిన రోజుల్లో 25 రియాళ్లంటే ఐదున్నర వేల రూపాయలు. ఊరికే వదిలేసే డబ్బు కాదు.

కానీ ఆ రెండూ సేమ్ కావు. 2017లో వచ్చిన టి470లో ఎక్కువగా ఉండేది ఇంటెల్ ఏడో తరం ప్రాసెసర్. 2018 నాటి టి480లో ఎక్కువగా ఎనిమిదో తరం. మైక్రోసాఫ్ట్ వాళ్లు విండోస్ 11కు గీత గీసింది సరిగ్గా ఇక్కడే. ఎనిమిదో తరం, ఆపైన అయితే సరే, ఏడో తరమైతే ఏవో కొన్ని తప్ప కుదరదు. పాత విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. మరో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకునే వీలు ఇచ్చారు గానీ, నాలుగేళ్లు చదవాల్సిన పిల్లకు ఏడాది ఏం సరిపోతుంది?

గీతకు అవతల పడ్డ మిషన్లు ఆఫీసులకు పనికిరావు. యూరప్, అమెరికా కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి వదిలేసిన ల్యాప్‌టాప్‌లు దుబాయ్, షార్జా మార్కెట్లకు గుట్టలుగా వస్తాయి. అక్కడినుంచి ఇటు కూడా చేరతాయి. వాటిలో చవకవి వెతుక్కునేది మనమే. ధర తక్కువ ఎందుకో అడగం, ఎంత తగ్గిస్తావనే అడుగుతాం.

ఇంకో సంగతి. తెర మీద విండోస్ 11 కనిపించింది కదా అని నమ్మకండి. ఏడో తరం మిషన్లో కూడా పక్కదారిన దాన్ని ఎక్కించవచ్చు. అలా ఎక్కించినవాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. మోడల్ పేరు చూసి కూడా నిశ్చింతగా ఉండటానికి లేదు. టి480, హెచ్‌పీ ఎలీట్‌బుక్ 840 జీ5 లాంటివాటిలో కొన్ని ఏడో తరం చిప్‌తోనే అమ్ముడయ్యాయి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరవండి. ఐ5 పక్కన నాలుగంకెల నంబరు ఉంటుంది. 8350 అంటే ఎనిమిదో తరం, 7300 అంటే ఏడు. మొదటి అంకె చూసుకుంటే చాలు. అన్న చూసిన 80 రియాళ్లదానిలో 8350 ఉంది.

అంతటితో బేరం కుదిరిందనుకోవద్దు. మిషన్ను మొత్తం రీసెట్ చేయించి, మన ఫోన్ హాట్‌స్పాట్‌కు కలపమన్నాం. కుర్రాడు మొహం చిట్లించాడు గానీ చేశాడు. ఇది ఎందుకంటే, పాత కంపెనీ తన జాబితాలోంచి తీసేయని ల్యాప్‌టాప్ అయితే నెట్ తగలగానే ఆ కంపెనీ పేరు చూపించి లాగిన్ అడుగుతుంది. ఊళ్లో బిడ్డ చేతిలో అలా ఆగిపోతే రువీకి తెచ్చి చూపించేదెవరు? బయోస్‌కు పాస్‌వర్డ్ ఉందేమో కూడా చూడాలి.

బ్యాటరీ రిపోర్టు తీయించండి. తయారైనప్పుడు ఎంత పట్టేది, ఇప్పుడు ఎంత పడుతోంది, రెండు అంకెలూ అందులో ఉంటాయి. సగానికి దిగితే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలో కలుపుకోండి. కరెంటు పోయే ఊళ్లో చదువుకునే పిల్లకు బ్యాటరీయే ముఖ్యం. "ఏ గ్రేడ్" అని కుర్రాడు పదిసార్లు అన్నాడు. గ్రేడ్ ఎక్కువగా పైన ఉన్న గీతల గురించే, లోపలి ఆరోగ్యం గురించి కాదు.

కీబోర్డు కూడా చూడండి. జర్మనీ నుంచి వచ్చినదైతే వై, జెడ్ తారుమారుగా ఉంటాయి. ఫ్రెంచిదైతే మొదటి వరసే వేరు. పైన స్టిక్కర్లు అంటిస్తారు, రెండు నెలల్లో చెమటకు ఊడిపోతాయి. మెమొరీ 8 జీబీ ఉంటే ఇప్పటికి చాలు, 16 ఉంటే మంచిది. "తర్వాత పెంచుకోవచ్చు" అన్న మాట ఇదివరకు బాగానే ఉండేది. 2025 చివర్లో మెమొరీ ధరలు ప్రపంచమంతా ఎగబాకాక ఆ లెక్క మారింది. హార్డ్ డిస్క్ తిరిగేది కాకుండా ఎస్ఎస్‌డీ ఉండాలి, ఇందులో రాజీ వద్దు.

మాలో ఒకడు 55 రియాళ్లది తీసుకుని లినక్స్ వేసిద్దామన్నాడు. మాట తప్పు కాదు. రూములో సినిమాలకు, ఇంటికి వీడియో కాల్‌కు, ఎక్సెల్ లాంటి షీట్ల మీద చేయి తిప్పుకోవడానికి లినక్స్ వేసిన పాత మిషన్ బాగానే నడుస్తుంది. ఓమనీకరణలో గుమస్తా పోస్టులు ఒక్కొక్కటే పోతుంటే మనమూ ఏదో ఒకటి నేర్చుకోవాలి కదా. కానీ కాలేజీలో మిగతా పిల్లలంతా విండోస్ మీద చేస్తుంటే, కొత్తగా చేరిన పిల్లకు అదనంగా ఈ తలనొప్పి ఎందుకని మా అభిప్రాయం. విండోస్ 10 అలాగే ఉంచుకుని దాని మీద బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టడం మాత్రం ఎవరికీ వద్దు.

అన్నకు మేం చెప్పింది ఒకటే: 80ది తీసుకో, లేదంటే మరో రెండు నెలలు ఆగు, 55ది మాత్రం వద్దు. ఆయన బయట మెట్ల మీద కూర్చుని చాలాసేపు లెక్క వేసుకున్నాడు. అత్తర్లు, బావమరిది వాచీ జాబితాలోంచి పోయాయి. 75కు కుదిరింది. వారంటీ మూడు నెలలు రాసివ్వమంటే "భాయ్, మాట మీద నమ్మకం లేదా" అన్నాడు దుకాణం ఆయన. నమ్మకం ఉంది, కాగితం కూడా కావాలి అన్నాం. బిల్లు మీద సీరియల్ నంబరు, ప్రాసెసర్ నంబరు, వారంటీ గడువు రాయించి స్టాంపు వేయించాం. అది లేకుండా వినియోగదారుల రక్షణ సంస్థకు వెళ్లినా చూపడానికి చేతిలో ఏముంటుంది? మూడు నెలల తర్వాత పాడైతే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఈ మోడళ్లకు సామాన్లు దొరుకుతాయి.

ఇక తీసుకెళ్లడం. పద్దెనిమిదేళ్లు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్‌ను కస్టమ్స్ సుంకం లేకుండా ఇండియాకు తీసుకెళ్లవచ్చు. రెండోది మీ స్నేహితుడిదైతే అతని చేతికే ఇవ్వండి. చేతి సంచిలోనే పెట్టుకోండి. వెనక బ్యాటరీ ఊడదీసి విడిగా పెట్టుకుంటే అది చెకిన్ లగేజీలో పోకూడదు. ఇక్కడి చార్జర్‌కు చదరపు మూడు పిన్నులుంటాయి, ఊళ్లో ప్లగ్గులో దూరవు. అన్న రూముకు వస్తూ దారిలోనే 500 బైసాలు పెట్టి అడాప్టర్ కొన్నాడు, బిల్లుతో పాటు సంచి లోపలి జేబులో పెట్టాడు.