కుక్క గొలుసు

ఒక సోదరి మాకిట్లు వ్రాసినారు: "మా కుక్క మిక్కిలి సాధువు. పసిబిడ్డలు చెవులు పట్టి లాగినను కరవదు. అభయారణ్యమునకు బోయినప్పుడు గొలుసు విప్పి కొంతసేపు పరుగెత్తనిచ్చితిమి. కావలివాడు వచ్చి కసరినాడు. ఇందులో మా దోషమేమి?"

కుక్క సాధువన్న మాటను మేము నమ్ముచున్నాము. కాని బిడ్డలయెడ సాధువైనది పిట్టలయెడ నట్లే యుండునని చెప్పుటకు వీలులేదు.

న్యూజీలాండు దేశమున కివి యను పక్షి గలదు. కోడిపెట్టంత యుండును; ఎగురలేదు. పగలు బొరియలో నిదురించి రాత్రివేళ పురుగులను వెదకికొనును. ఎగురు పక్షులకుండు గట్టి రొమ్ముటెముక దీనికి లేనందున కుక్క నోట గరచి యొక్కమారు నొక్కిన జాలును, ప్రాణము పోవును. పైగా దీని యొడలికి ఘాటైన వాసన. కుక్క ముక్కునకు దాగుట యసాధ్యము.

1987వ సంవత్సరమున ఆ దేశపు వైటాంగి యడవిలో శాస్త్రజ్ఞులు 24 కివులకు రేడియో యంత్రములు కట్టి వాని నడవడిని కనిపెట్టుచుండిరి. కొలది వారములలో వానిలో 13 చచ్చినవి. అంతయు నొక్క అల్సేషియను కుక్క పని. దాని మెడకు పట్టెడ యుండెను; అనగా నెవరో పెంచినదే. ఆ యడవియందలి సుమారు 900 కివులలో 500 వరకు దాని వాతబడియుండునని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. దానిని కాల్చివేసిన పిదపగాని చావులాగలేదు.

ఆ నష్టము వేగముగ దీరునది కాదు. కివి పెట్టు గ్రుడ్డు తల్లి బరువులో నించుమించు నైదవవంతు. అక్కడి జాతిలో దానిని రెండునెలలకు పైగా పొదుగువాడు తండ్రి! (ఈ వాక్యమును మన సోదరీమణులు తమ భర్తలకు చదివి వినిపింపవచ్చును.)

ఇంత దూరమేల? మన యాంధ్ర సముద్రతీరమున జనవరి మొదలు మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇసుకలో గుంటదీసి, గుంటకు నూరేసి గ్రుడ్లు పెట్టిపోవును. కుక్కలు వాసన బట్టి వానిని త్రవ్వి తినుచున్నవి.

కరవకున్నను కీడు తప్పదు. కుక్క తరుమగానే నేలపై పొదుగు పక్షి గూడు విడిచి పోవును. అంతలో గ్రుడ్లు ఎండకు మాడును, లేదా కాకుల పాలగును. ఇంటి కుక్క దీనిని ఆటయని తలచును. యజమానురాలు దూరమునుండి చూచి నవ్వుకొనును.

కావున సోదరి కావలివానిపై కోపము విడువవలెను. అభయారణ్యమునకు బోవునాడు కుక్కను పొరుగింట నప్పగించి పోవుట మేలు. పెరటి తలుపు మూసిన పిదప గొలుసు విప్పిన నెవరును కాదనరు.