ముందు శాసనం, తరవాతే సున్నం

తిరుపతి జిల్లా ఏర్పేడు మండలం గుడిమల్లంలో పరశురామేశ్వరుణ్ని చూడాలంటే కిందికి దిగాలి. ముందున్న మండపం కన్నా గర్భగుడి పల్లంలో ఉంటుంది. లోపల సుమారు ఐదడుగుల లింగం. దాని ముఖభాగాన భుజం మీద గొడ్డలితో, ఒక చేత పొట్టేలును పట్టుకుని, యక్షుడి మీద నిలబడ్డ శివుడు. ఇది క్రీస్తుకు పూర్వపు శిల్పమని ఎక్కువమంది పండితుల మాట.

పల్లవులు, బాణులు, చోళులు ఈ గుడికిచ్చిన దానాలను రాళ్ల మీద చెక్కించారు. విక్రమచోళుడి కాలంలో, 1126 ప్రాంతంలో, గుడిని రాతితో తిరిగి కట్టిన సంగతీ శాసనం వల్లే తెలిసింది. అంత పెద్ద పని పెట్టుకున్నవాళ్లు కూడా లింగాన్ని ఉన్నచోటు నుంచి కదపలేదు. చేసిన పనిని రాసిపెట్టి పోయారు. తిరువిప్పిరంబేడు అన్న ఊరి పాతపేరు ఆ రాతలే దాచి ఇచ్చాయి.

జీర్ణోద్ధరణ అంటే అదీ. మన పల్లెల్లో ఇప్పుడు ఆ పేరుతో జరుగుతున్నది మాత్రం చూడలేం. కుంభాభిషేకానికి ముహూర్తం పెడతారు, చందాలు పోగవుతాయి, మేస్త్రీ దిగుతాడు. అక్షరాలున్న రాయికి నూనెరంగు పూస్తారు. గోడ అడుగున శాసనం సగం వరుస టైల్సు కిందికి పోతుంది, మిగతా సగం పైన వేలాడుతుంది. ఇసుక చిమ్మే యంత్రం పెడితే రాయి తెల్లబడుతుంది, ఎనిమిది వందల ఏళ్ల అక్షరం అంచు అరిగిపోతుంది. రంగునైనా గీకి తీయవచ్చు, అరిగిన అక్షరాన్ని ఎవరు తెస్తారు?

తప్పు భక్తులది కాదు. ఆ రాయిలో ఏముందో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. తప్పు ప్రభుత్వాలది. పురావస్తు శాఖ రక్షిత జాబితాలోకి ఎక్కిన గుళ్లు కొన్నే, మిగతావాటికి దిక్కెవరు?

శాసనాల నకళ్లు తీసి, చదివించి, ఫొటోలతో నమోదు చేసేదాకా ఏ పాత గుడిలోనూ పనికి దేవాదాయ శాఖ అనుమతి ఇవ్వకూడదు. ఇసుక యంత్రాన్ని పూర్తిగా నిషేధించాలి. నకలుకు కోట్లు అక్కర్లేదు. రాయి కడిగి, తడి కాగితం పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేలా బ్రష్షుతో కొట్టి, పైన సిరా అద్దితే చాలు. తెలిసిన మనిషికి చిన్న శాసనమైతే ఒక పూట పని. ఆ మనుషులను జిల్లాకు ఇద్దరినైనా నియమించాలి.

వచ్చే మాఘమాసపు ముహూర్తాలకు ముందే రెండు తెలుగు రాష్ట్రాలూ ఈ ఉత్తర్వు ఇవ్వాలి.