మెరిసే చేపకు అనుమతి ఉందా?

అనంతపురం జిల్లా రాప్తాడులో చెరువు నిండితే పండగే. అలాంటి కరవు సీమలోనూ ముందుగదిలో అక్వేరియం పెట్టుకుని మురిసిపోయే ఇళ్లున్నాయి. తప్పేం లేదు. చిక్కల్లా ఆ గాజుతొట్టిలోకి వచ్చే చేప ఏదన్నదే!

నిప్పురవ్వలా మెరిసే 'గ్లోఫిష్'నే తీసుకోండి. 1999లో సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు జెల్లీచేప జన్యువును జీబ్రా చేపలోకి చొప్పించారు. నీటి కాలుష్యాన్ని పసిగట్టే చేపను తయారుచేయాలన్నది వాళ్ల ఆలోచన. అది కాస్తా పెంపుడు చేపై అమెరికాలో అమ్మకానికొచ్చింది. ఇది తినే చేప కాదు, మామూలు జీబ్రా చేప కన్నా ఎక్కువ ముప్పు తెస్తుందనడానికి ఆధారమూ లేదు కాబట్టి నియంత్రణ అక్కర్లేదని 2003లో అక్కడి ఆహార, ఔషధ సంస్థ తేల్చేసింది.

మనకు ఆ ధీమా చెల్లదు. ఎందుకంటే జీబ్రా చేప పుట్టిల్లు భారత ఉపఖండమే. గ్లోఫిష్ ఇక్కడి నీళ్లలో పడితే చుట్టాలింటికి వచ్చినట్టే! మామూలు మగచేపల పోటీకి మెరిసేవి నిలవలేవనీ, పదిహేను తరాల్లో ఆ జన్యువు మాయమైందనీ 2015లో అమెరికాలో చేసిన ఓ ప్రయోగం చెప్పింది. కానీ అవే చేపలు బ్రెజిల్ వాగుల్లో సంతానాన్ని పెంచుకుంటున్నట్టు 2022లో బయటపడింది.

'మా ఎండు వంకల్లో ఏ చేప బతుకుతుందిలే' అనుకోవడానికీ లేదు. 2024 అక్టోబరులో పండమేరు వంక పొంగి అనంతపురం శివారు కాలనీల్ని ముంచెత్తింది. ఇల్లు మునిగితే అక్వేరియం మిగులుతుందా? జన్యుమార్పిడితో సంబంధం లేకపోయినా, తొట్టి శుభ్రం చేస్తుందని అమ్మిన సక్కర్ చేప కథా అంతే. కోస్తా చెరువుల్లో చేరి వలలు చించుతూ జాలర్ల చేత 'దెయ్యం చేప' అనిపించుకుంటోంది.

చట్టం లేదా అంటే ఉంది. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో వచ్చిన నిబంధనల ప్రకారం జన్యుమార్పిడి జీవిని దిగుమతి చేసుకోవాలన్నా, అమ్మాలన్నా కేంద్రం అనుమతి తప్పనిసరి. 2002లో బీటీ పత్తి ఆ గడప దాటే మన పొలాల్లోకి వచ్చింది. లోపం అంగట్లో ఉంది. పెంపుడు జంతువుల దుకాణాలకు 2018లో తెచ్చిన నిబంధనల్లో కుక్కలు, పిల్లులు, పక్షుల పేర్లున్నాయి, చేపల ఊసు లేదు. అక్వేరియం దుకాణాల కోసం 2017లో తెచ్చిన నిబంధనల్ని కేంద్రమే వెనక్కి తీసుకుంది.

విత్తనాల సంచి మీద ఏ రకమో, ఎవరు తయారుచేశారో రాసి ఉండాల్సిందే. బిడ్డ ముచ్చటపడిన చేపకూ అంతపాటి చీటీ ఉండొద్దూ? జాతి పేరు, ఎక్కడి నుంచి వచ్చిందీ బిల్లులో రాయాలన్న షరతు పెడితే సగం పని అయిపోతుంది. మిగతా సగం కొనేవాళ్లది. జవాబు రాని చేపను కొనకూడదు. పెంచలేని చేపను పుణ్యమనుకుని చెరువులో వదలకూడదు. ఏళ్ల తరబడి ఎదురుచూస్తే నిండే చెరువది... అందులో ఏం చేరుతోందో చూసుకోవద్దూ!