డబ్బు కట్టించుకుని సరుకు ఇవ్వకపోతే.. దొంగతనం కేసు పెట్టొచ్చా?

వినుకొండలో ఓ కుటుంబం కూతురి పెళ్లికి మంచం, బీరువా కోసం దుకాణంలో రూ.40 వేలు ముందే కట్టిందనుకుందాం. పెళ్లి అయిపోయింది కానీ సరుకు రాలేదు. ‘మా డబ్బు దొంగిలించాడు’ అని స్టేషన్‌కు వెళితే ‘ఇది సివిల్ తగాదా’ అని పంపేయొచ్చు. ఇంతకీ చట్టం ఏం చెబుతోంది?

దొంగతనం ఎందుకు కాదు?

భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 303 ప్రకారం, ఒకరి ఆధీనంలో ఉన్న వస్తువును వారి సమ్మతి లేకుండా దురుద్దేశంతో తీసుకుంటేనే దొంగతనం. ఇక్కడ డబ్బు మీరే ఇచ్చారు.

మరి మోసం ఎప్పుడవుతుంది?

డబ్బు తీసుకున్న రోజు అమ్మకందారు ఉద్దేశమే కీలకం. ఇచ్చేది లేదని ముందే అనుకుని తీసుకుంటే మోసం. సెక్షన్ 318(4) కింద ఏడేళ్ల వరకు జైలు. ఇద్దామనే తీసుకుని తర్వాత ఇవ్వలేకపోతే అది ఒప్పంద ఉల్లంఘన మాత్రమే. హృదయ రంజన్ ప్రసాద్ వర్మ కేసులో 2000లో సుప్రీంకోర్టు ఈ తేడానే స్పష్టం చేసింది. లేని స్టాకు ఉందనడం, ఒకే వస్తువును పలువురికి అమ్మడం వంటివి ఆ ఉద్దేశానికి ఆధారాలవుతాయి.

స్థలాలు ఇస్తామంటూ లక్షల మంది దగ్గర వాయిదాల్లో డబ్బు కట్టించుకున్న అగ్రిగోల్డ్‌పైనా దొంగతనం కేసు కాదు, మోసంతో పాటు 1999 నాటి డిపాజిటర్ల రక్షణ చట్టం కింద కేసులు పెట్టారు. ఆస్తులను జప్తు చేయడానికి ఈ చట్టం వీలు కల్పించింది.

మీరేం చేయాలి?

* రసీదు, యూపీఐ వివరాలు, వాట్సాప్ మెసేజ్‌లు దాచుకోండి. గడువు పెట్టి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి.
* సొంత వాడకానికి కొన్నదైతే 1915కు ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. కట్టిన సొమ్ము రూ.5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయొచ్చు.
* మొదటి నుంచీ మోసమే అనిపిస్తే, ఆ రోజు అతను చెప్పిన మాటలు, అవి అబద్ధమని తేలిన తీరు ఫిర్యాదులో రాయండి. స్టేషన్‌లో నమోదు చేయకపోతే నరసరావుపేటలోని జిల్లా ఎస్పీకి పోస్టులో పంపండి. ఆ తర్వాత మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించొచ్చు.

ఒక్క జాగ్రత్త: డబ్బు కట్టాం కదా అని దుకాణంలోని సరుకు బలవంతంగా ఎత్తుకురావద్దు. అప్పుడు కేసు మీ మీదకే తిరగొచ్చు.