ఢిల్లీ లేఖ: దోర్నపాల్ దాటని వెలుగు తీగ

టెలికాం పథకాలకు కేంద్ర మంత్రివర్గం ఆమోదముద్ర వేసినప్పుడల్లా రాజధానిలో కోట్ల అంకెలు మోగుతాయి. తీవ్రవాద ప్రభావిత ప్రాంతాలలోని 2,343 టవర్లను 2జీ నుంచి 4జీకి మార్చడానికి 2022 ఏప్రిల్ 27న రూ. 2,426 కోట్లు, సవరించిన భారత్‌నెట్‌కు 2023 ఆగస్టు 4న రూ. 1,39,579 కోట్లు. ఈ అంకెలను ఢిల్లీలో కాక, బస్తర్ లోని దోర్నపాల్‌లో తూచి చూడాలని నా అభిప్రాయం.

దోర్నపాల్ తెలుగువారికి దూరపు ఊరు కాదు. సుక్మా నుంచి కోంటా మీదుగా మన చింతూరుకు వచ్చే రహదారిపైనే ఉన్నది. సల్వాజుడుం కాలంలో ఊళ్లు విడిచిన ఆదివాసులను శిబిరాలలో ఉంచినదీ ఇక్కడనే. ఇచ్చట చీలిన దారి 56 కిలోమీటర్ల దూరాన జగర్‌గుండా చేరుతుంది. 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్ వద్ద ఆ రోడ్డు పనికి కాపలా కాస్తూ 25 మంది జవాన్లు నేలకొరిగారు. ఇంత ఖరీదు చెల్లించిన దారి వెంట వాహనాలు మాత్రమే సాగితే చాలునా?

రేడియో సంకేతాన్ని రాగి కేబుల్‌లో పంపితే వందల మీటర్లలోనే నీరసిస్తుంది. అదే సంకేతంతో లేజర్ కాంతి తీవ్రతను హెచ్చుతగ్గులు చేసి గాజు తీగలోకి పంపితే, కిలోమీటరుకు పోయే కాంతి సుమారు 5 శాతమే. ఆవలి కొసన కాంతి మళ్లీ రేడియో సంకేతంగా మారి యాంటెనాకు చేరుతుంది. ఇది మనకు కొత్త విద్య కాదు. పుణె సమీపాన 1990లలో నిర్మించిన జెయింట్ మీటర్‌వేవ్ రేడియో టెలిస్కోపులో, 25 కిలోమీటర్ల మేర పరచుకున్న 30 యాంటెనాలు ఆకాశం నుంచి పట్టిన సంకేతాలు కేంద్ర భవనానికి చేరేది ఆప్టికల్ ఫైబర్ మీదనే.

నక్షత్రాల సవ్వడికి వేసిన తీగ అడవి పల్లెల గొంతుకు వేయలేమా? బస్తర్ టవర్లలో పలు చోట్ల ఆధారం ఉపగ్రహమే. దానికి సామర్థ్యం పరిమితం. ఫైబర్ ఉంటే ఖరీదైన యంత్రాలను భద్రమైన చోట నిలిపి, అడవిలో చిన్న రేడియో పెట్టెను, యాంటెనాను మాత్రమే ఉంచవచ్చు. అయితే 4జీలో కాలవ్యవధి నియమాల వలన ఈ పద్ధతికి సుమారు 20 కిలోమీటర్లే హద్దు. కనుక దోర్నపాల్‌లో ఒక్క కేంద్రం పెట్టి చేతులు దులుపుకుంటే కుదరదు. నడుమ మజిలీలు కావాలి. ఒక చోట తెగినా మరో వైపు నుంచి నడిచే వలయం కావాలి. సవరించిన భారత్‌నెట్ వాగ్దానం చేసినదీ వలయాన్నే.

అంతకంటె ముఖ్యం, ఆ తీగ ఎక్కడ ముగుస్తుందన్నది. తొలి దశ టవర్లలో అనేకం భద్రతా శిబిరాల ఆవరణలలో నిలిచాయి. రక్షణ దృష్ట్యా అది అర్థం చేసుకోదగినదే. కానీ రేషన్ దుకాణంలో వేలిముద్రకూ, పింఛనుకూ, అంబులెన్సు పిలుపుకూ సంకేతం కావలసినది గ్రామంలో. 2026 మార్చి 31 నాటికి మావోయిజాన్ని నిర్మూలిస్తామని కేంద్ర హోంమంత్రి అమిత్ షా 2024లో ప్రకటించారు. తుపాకుల పద్దు ఎలా ముగిసినా, ప్రభుత్వాన్ని కోయ, దోర్లా పల్లెలు కొలిచేది ఈ సేవలతోనే.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత ఉండనే ఉన్నది. మంత్రివర్గం వరమిచ్చింది. ఇక పార్లమెంటులో మన సభ్యులు అడగవలసినది ఎన్ని వేల కిలోమీటర్ల తీగ పరిచారని కాదు. అందులో ఎంత పనిచేస్తున్నది, ఎన్ని పంచాయతీలలో, ఆరోగ్య కేంద్రాలలో వెలుగుతున్నది అని.